రెండు డాలర్ల ప్లేటు: 1962 సియాటిల్ వరల్డ్ ఫెయిర్ రికార్డు గురించి ఎవరికైనా తెలుసా?

బెల్‌వ్యూ_సుధ | శనివారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయక తప్పలేదు.

మా వీధి చివర ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెట్టింది. మా ఆయన గడ్డి కోసే మిషన్ దగ్గర బేరం ఆడుతుంటే నేను ఒక అట్టపెట్టె ముందు కూలబడ్డాను. అన్నీ క్రిస్మస్ పాటల రికార్డులు. వాటి మధ్యలో ఇదొకటి: ‘మ్యాన్ ఇన్ స్పేస్ విత్ సౌండ్స్’, అట్టిలియో మినియో. సియాటిల్ వరల్డ్ ఫెయిర్ అని రాసి ఉంది. రెండు డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి పెట్టాను. ముందు ఒకాయన రేడియో వార్తల గొంతుతో ఏదో చెబుతాడు, తర్వాత మొదలవుతుంది. ఆర్కెస్ట్రానే, కానీ బావిలో కూర్చుని వాయిస్తున్నట్టు ఉంది. మధ్యలో ఊయ్ ఊయ్ మంటూ శబ్దాలు. మా ఆరేళ్లవాడు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి “అమ్మా, ఫ్రిజ్ ఏడుస్తోంది” అన్నాడు.

నా ప్రశ్నలు: ఇది అసలు ఏమిటి? రెండో పాటలో ముల్లు ఒకే చోట తిరుగుతోంది, ఎలా శుభ్రం చేయాలి? ఇంకొకటి, అట్ట వెనక పాటల పేర్ల పక్కన ఎవరో పెన్సిల్‌తో టిక్కులు పెట్టారు. మొదటి దానికి మాత్రం లేదు. ‘మైల్-ఎ-మినిట్ మోనోరైల్’ అన్న దానికి రెండు టిక్కులు. కంపెనీ వాళ్ల గుర్తులా?

గ్రామఫోన్_బాబాయ్ | శనివారం, రాత్రి 10:40

అమ్మా సుధా, ముందు ఆ ప్లేటుని ఎండ తగలని చోట నిలబెట్టు. పడుకోబెట్టి పైన ఇంకేమీ పెట్టకు. ఇక విషయం.

1962లో సియాటిల్లో ‘సెంచరీ 21’ పేరుతో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఏప్రిల్ 21న మొదలై అక్టోబర్ 21న ముగిసింది. మీ ఊరి స్పేస్ నీడిల్ దానికోసం కట్టిందే. అంతరిక్షం అంటే జనానికి పిచ్చెక్కిన ఏడాది అది. ఫిబ్రవరిలోనే జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగొచ్చాడు. ఆయనా, రష్యా వ్యోమగామి టిటోవ్, ఇద్దరూ ఆ ప్రదర్శన చూడటానికి వచ్చారు.

అక్కడి కొలీజియం అనే పెద్ద హాలు లోపల ‘బబులేటర్’ అని ఒక లిఫ్టు ఉండేది. అద్దంలా కనబడే పెద్ద బుడగ. ఒక్కసారి వందమంది ఎక్కేవాళ్లు. అది మెల్లగా పైకి లేచి, అల్యూమినియం పెట్టెలు పేర్చి కట్టిన ‘రేపటి ప్రపంచం’లోకి తీసుకెళ్లేది. దాంట్లో వినిపించిన సంగీతమే నీ చేతిలో ఉన్నది. మినియో ఆ సంగీతాన్ని ప్రదర్శన కోసం కొత్తగా కూర్చలేదు, పదేళ్ల ముందే రాసి పెట్టుకున్నాడు. ప్రదర్శన వచ్చేసరికి అది సరిగ్గా అతికింది. ఎల్‌పీ చేసి జ్ఞాపికగా అమ్మారు.

టిక్కులు కంపెనీవి కావు. కంపెనీవాడు పెన్సిల్ వాడడు.

ముల్లు_విరిగింది | శనివారం, రాత్రి 11:05

బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. జ్ఞాపిక రికార్డు అంటే కొండకి వెళ్లి తెచ్చుకున్న తాళంచెవి గొలుసు లాంటిది. దేవుడి బొమ్మ ఉంటుంది గానీ దేవుడుండడు. ప్రదర్శనలో ఏ కంపెనీ స్టాల్‌కి వెళ్లినా ఒక ప్లేటు చేతిలో పెట్టేవాళ్లు. ఇంటికెళ్లి ఒకసారి పెట్టుకుని, తర్వాత క్రిస్మస్ పాటల పెట్టెలో పడేసేవాళ్లు. సుధ గారికి దొరికింది కూడా అక్కడే కదా.

పైగా ఇదే ఆల్బమ్ మళ్లీ ప్రెస్ చేసిన కాపీ ఒకటి నేనూ ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండు ముక్కలుగా వచ్చింది. దుకాణం వాడు “పార్సిల్ బయటకు బాగానే ఉంది కదా సార్” అన్నాడు. అప్పటి నుంచి ఆ అంతరిక్ష మానవుడంటే నాకు కడుపు మంట, ఒప్పుకుంటాను.

పరాబోలా | ఆదివారం, ఉదయం 7:30

ముల్లు అన్నా, నీ మాట సగం నిజం. ఆ సగానికి ఉదాహరణ సియాటిల్ కాదు, దానికి నాలుగేళ్ల ముందు జరిగిన బ్రస్సెల్స్.

నేను ఆర్కిటెక్ట్‌ని కాబట్టి ఈ కథ కొంచెం పొడుగ్గా చెబుతా, భరించండి. 1958 ప్రదర్శనకి ఫిలిప్స్ కంపెనీ తన పెవిలియన్, అంటే ప్రదర్శన మండపం, కట్టమని ఆర్కిటెక్ట్ లె కార్బూజియేని అడిగింది. ఆయన నేను భవనం కట్టను, ఎలక్ట్రానిక్ పద్యం ఒకటి చేస్తాను, భవనం దాన్ని పోసే పాత్ర అన్నాడు. అంతా అని ఆయన మన చండీగఢ్ పనుల్లో పడిపోయాడు. డిజైన్ మొత్తం అతని ఆఫీసులో పనిచేసే జెనాకిస్ మీద పడింది. ఇంజనీరు, సంగీతకారుడు కూడా. గుర్రపు జీనులా వంపు తిరిగిన కాంక్రీటు గోడలు అతని లెక్కే. వాటినే హైపర్బోలిక్ పరాబోలాయిడ్ అంటారు. నా పేరు అక్కడిదే.

సంగీతానికి ఎడ్గార్ వరేజ్‌నే పెట్టాలని కార్బూజియే పట్టుబట్టాడు. ఫిలిప్స్ వాళ్లకి అంతగా ఇష్టం లేదు. వరేజ్‌కి అప్పటికే డెబ్బై దాటింది. టేపు మీద ఎనిమిది నిమిషాల ముక్క చేశాడు: గంట, సైరన్, మనిషి గొంతు, యంత్రం. ఆ గోడల మీద వందల లౌడ్‌స్పీకర్లు. శబ్దం ఒక మూల పుట్టి నీ తల మీదుగా గోడ వెంట పాకి గుమ్మం దాకా వెళ్లేది. ఏ స్పీకర్ ఎప్పుడు మోగాలో చెప్పడానికి వేరే కంట్రోల్ టేపు ఉండేది. ఒక్కో ఆటకి ఐదొందల మంది.

1959 జనవరిలో ఆ భవనాన్ని కూల్చేశారు.

తర్వాత కొలంబియా రికార్డుల కంపెనీ వాళ్లు అది ఎల్‌పీ మీద వేశారు. రెండే చానెళ్లు. పాకే శబ్దం ఎక్కడికి పాకుతుంది? సోఫాకి కుడివైపు నుంచి ఎడమవైపుకి. దీన్నే ముల్లు అన్న తాళంచెవి గొలుసు అంటే నేను ఒప్పుకుంటాను.

పరాబోలా | ఆదివారం, ఉదయం 7:41

ఒకటి మర్చిపోయా. ఒక బ్యాచ్ బయటికెళ్లి ఇంకో బ్యాచ్ లోపలికొచ్చే మధ్యలో వినిపించడానికి జెనాకిస్ రెండున్నర నిమిషాల ముక్క ఒకటి చేశాడు. కాలుతున్న బొగ్గుల చిటపటలు రికార్డు చేసి, కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అది మొదటిసారి ఎల్‌పీ మీద విన్నప్పుడు ప్లేటు మీద దుమ్ము ఉందనుకుని మూడుసార్లు తుడిచాను.

గ్రామఫోన్_బాబాయ్ | ఆదివారం, ఉదయం 8:15

😄 ఆ ముక్క మా ఇంట్లో పెడితే మా ఆవిడ పోపు మాడుతోందనుకుని లేచింది.

బ్రస్సెల్స్ అంటే వరేజ్ ఒక్కడే కాదయ్యా. అమెరికా పెవిలియన్‌లో ఆ మే నెలలో బెన్నీ గుడ్‌మన్ బృందం జాజ్ కచేరీలు చేసింది. వాటిని కూడా కొలంబియా రికార్డులుగా వేసింది. నా దగ్గర ఒక కాపీ ఉంది. అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల మధ్య, ఇంజనీరింగ్ గైడ్ల కింద దొరికింది. అందులో జనం చప్పట్లు ఉన్నాయి, ఎవరో ఈల వేయడం ఉంది. అది స్టేజి ముందు పెట్టిన మైకు. ఆ రాత్రి ఆ హాల్లో ఏం వినబడిందో అదే ఉంది. దాన్ని తాళంచెవి గొలుసు అంటే నేను ఒప్పుకోను.

అంటే జ్ఞాపిక రికార్డులన్నీ ఒక జాతి కాదు. కచేరీని పట్టుకున్నవి కొన్ని. భవనంలో మోగిన టేపునే ప్లేటుగా మార్చినవి కొన్ని. ప్రదర్శన పేరు అట్ట మీద వేసి మామూలు పాటలు అమ్ముకున్నవి బోలెడు.

చిన్నలోకం | ఆదివారం, ఉదయం 9:50

భవనంలో మోగింది ప్లేటుగా మారడం అంటే నా బాధ మీకు చెప్పాలి. నేను అనహైమ్‌లో ఉంటాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా డిస్నీలాండ్. డిస్నీలాండ్ అంటే ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ పడవ. ఇప్పటికి పదకొండుసార్లు ఎక్కాను. మా అత్తగారైతే ఒకే రోజు మూడుసార్లు ఎక్కించారు, కాళ్ల నొప్పులకి కూర్చునే చోటు అదొక్కటే అని.

అది కూడా ప్రదర్శన సరుకే, తెలుసా? 1964-65 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో పెప్సీ వాళ్లు యునిసెఫ్ కోసం పెట్టిన పెవిలియన్ అది. చేసింది డిస్నీ. బొమ్మలన్నీ ఎవరి దేశ జాతీయగీతం వాళ్లు పాడాలన్నది మొదటి ఆలోచన. అన్నీ ఒకేసారి మోగితే సంతలా ఉందట. అప్పుడు షెర్మన్ సోదరుల్ని పిలిచి, ఏ భాషలో పాడినా ఒకే పాట కావాలన్నారు. వాళ్లు తెలివైన పని చేశారు: పల్లవి, చరణం ఒకదాని మీద ఒకటి పాడినా కలిసిపోయేలా కట్టారు. పడవ ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్లేటప్పుడు ఇక్కడ పల్లవి, అక్కడ చరణం వినబడినా గోల అవ్వదు. ఆ పాటకి ఎల్‌పీ కూడా వేశారు. 1966లో పడవ మొత్తం కాలిఫోర్నియా వచ్చేసింది.

చెవిలోంచి పోకపోవడానికి కారణం కూడా ఆ కట్టడమే అని నా అనుమానం. ఆ పాటకి చివర ఉండదు.

ముల్లు_విరిగింది | ఆదివారం, ఉదయం 10:02

ఇప్పుడు నా చెవిలో కూడా మొదలైంది. థాంక్స్ అక్కా.

సరే, ఒప్పుకుంటున్నా, ఇది తెలివైన పనే. కానీ చూడండి, ఆ పాట బతికింది రికార్డు వల్ల కాదు, పడవ బతికి ఉండటం వల్ల. సుధ గారి బుడగ ఇప్పుడేది?

బెల్‌వ్యూ_సుధ | ఆదివారం, ఉదయం 11:20

ఆ బుడగ గురించి రాత్రంతా వెతికాను, నిద్ర పట్టక. ప్రదర్శన అయ్యాక దాన్ని పక్కనే ఉన్న ఫుడ్ హాల్లోకి మార్చారట. 1980 ప్రాంతం దాకా అక్కడే పైకీ కిందకీ తిరిగింది. తర్వాత అమ్మేశారు. చివరికి సియాటిల్‌కి దక్షిణాన డిమాయిన్స్ అనే ఊళ్లో ఒకరి పెరట్లో మొక్కలు పెంచే గాజు గదిగా మారింది!

అది ఉన్న కొలీజియం పైకప్పు మాత్రం అలాగే ఉంది, దాని కింద ఇప్పుడు కొత్త స్టేడియం. మా ఆఫీసు వాళ్లతో ఐస్ హాకీ చూడ్డానికి వెళ్లాను కూడా. పరాబోలా గారూ, ఆ కప్పు కూడా మీ జీను ఆకారమే.

పరాబోలా | ఆదివారం, ఉదయం 11:34

అవునండీ, పాల్ థీరీ చేశారు. ఆ పదేళ్లూ ఎక్కడ చూసినా జీనులే.

ఒసాకా_రాజు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

నేను ఇప్పుడే చూశాను. నేనుండేది జపాన్‌లో ఒసాకా దగ్గరి సుయితా, అంటే 1970 ఎక్స్‌పో జరిగిన పార్కు పక్కన. రోజూ రైల్లోంచి కళాకారుడు ఒకామోతో కట్టిన ‘సూర్య గోపురం’ ముఖం కనబడుతుంది. 70 మీటర్లు.

ముల్లు గారి వాదనకి ఇక్కడ విరుగుడు ఉంది. ఈ ప్రదర్శన పాట పేరు తెలుగులో చెప్పాలంటే ‘ప్రపంచ దేశాల నుంచి నమస్తే’. స్వరం నకమురా హచిదాయి, ప్రపంచమంతా ‘సుకియాకి’ అని పిలిచిన పాట చేసినాయనే. ఇది ప్రదర్శనకి మూడేళ్ల ముందు, 1967లోనే వచ్చింది. ఒక్క కంపెనీకి ఇవ్వకుండా అందరికీ వదిలేశారు. మినామి హరువో ఒక కంపెనీకి పాడాడు, సకమోతో క్యూ ఒకదానికి, యోషినగ సయూరి ఇంకోదానికి. ఒకే పాటతో కంపెనీలు ఒకదాని మీద ఒకటి పోటీ. అన్నీ కలిపి ముప్పై లక్షలు దాటి అమ్ముడయ్యాయని చెబుతారు. గెలిచింది మినామి. ఈయన మొదట రోక్యోకు కళాకారుడు. షమిసెన్ వాయిద్యం తోడుగా కథ చెబుతూ మధ్యమధ్యలో పాడే కళ అది. మన బుర్రకథ విన్నవాళ్లకి కొత్తగా అనిపించదు. అందుకే ఆయన “కొన్నిచివా” (నమస్తే) అంటే పాటలా ఉండదు, ఎదురుగా నిలబడి పలకరించినట్టు ఉంటుంది.

జనం ప్రదర్శనకి వెళ్లొచ్చి ఈ ప్లేటు కొనలేదు. ప్లేటు విని విని ప్రదర్శనకి వెళ్లారు. ఆరు నెలల్లో 6 కోట్ల 40 లక్షల మంది!

ఇక లోపల పెవిలియన్లలో మోగింది వేరే లోకం. పశ్చిమ జర్మనీ వాళ్లు గుండ్రటి హాలు కట్టి తమ సంగీతకారుడు స్టాక్‌హౌజెన్ చేతిలో పెట్టారు. జనం జల్లెడ లాంటి నేల మీద కూర్చుంటే కింద నుంచి కూడా శబ్దం వచ్చేది. 183 రోజులూ కచేరీలే. ఉక్కు కంపెనీల పెవిలియన్‌లో పరాబోలా గారి జెనాకిస్ మళ్లీ ప్రత్యక్షం. ఆ భవనం కూల్చలేదు, ఇప్పుడు ఎక్స్‌పో మ్యూజియం అదే. అద్దంలోంచి దాని లోపలి హాల్లోకి తొంగి చూడొచ్చు. నేల కింద, కప్పు మీద స్పీకర్ల గుంటలు కనబడతాయి. నేను వెళ్లిన రోజు నా పక్కన ఒక ముసలాయన గాజుకి ముక్కు ఆనించి పది నిమిషాలు కదల్లేదు.

మోడరేటర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:00

చర్చ బాగుంది, కొనసాగించండి. ఇద్దరు సభ్యులు సుధ గారికి ప్రైవేట్‌గా “ఎంతకిస్తారు” అని మెసేజ్ పెట్టారని తెలిసింది. కొనుగోళ్లకి వేరే విభాగం ఉంది.

గ్రామఫోన్_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 5:30

సుధా, శుభ్రం చేసే సంగతి అడిగావు, అందరం కథల్లో పడ్డాం. రాసుకో.

డిస్టిల్డ్ వాటర్ గిన్నెడు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు చుక్కలు. పంపు నీళ్లు వద్దు, ఉప్పు గాడిలో ఉండిపోతుంది. కళ్లద్దాలు తుడిచే లాంటి మెత్తటి గుడ్డతో, గాడి తిరిగిన వైపే, గుండ్రంగా. అడ్డంగా రుద్దకు. మధ్య కాగితం లేబుల్ తడవకూడదు. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి, పళ్లాల స్టాండులో నిలబెట్టి నీడన ఆరనివ్వు. అప్పటికీ అక్కడే ఆగితే భూతద్దం పెట్టి చూడు. అరవై ఏళ్ల ప్లేట్లలో సగం గీతలు గీతలు కావు, గట్టిపడిన మురికి. వెదురు పుల్ల మొన తడిపి నెమ్మదిగా తీస్తే వచ్చేస్తుంది.

మోనో ప్లేటు అయితే ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కు, గరగర సగం తగ్గుతుంది.

ఇంకో మాట, ఇది అందరికీ. వినైల్‌కి స్పిరిట్ కలిపిన ద్రవాలు కొందరు వాడతారు, ఫరవాలేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లకి మాత్రం ఎప్పుడూ వద్దు. అవి లక్క. కాలేజీ రోజుల్లో మా నాన్నగారి హరికథ ప్లేటుని మెరిపిద్దామని స్పిరిట్ పెట్టి తుడిచాను. గుడ్డ నల్లగా అయింది, ప్లేటు నున్నగా అయింది. ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

చిన్నలోకం | ఆదివారం, సాయంత్రం 5:48

అయ్యో బాబాయ్ గారూ 😔

అన్నట్టు, మన నాంపల్లి నుమాయిష్‌కి ఇలాంటి ప్లేటు ఉంటే దాంట్లో ఏముండేది? నాకైతే మైకులో తప్పిపోయిన పిల్లల అనౌన్స్‌మెంట్లు. ఎర్ర గౌను, రెండు జడలు, పేరు చెప్పడం లేదు, ఆఫీసు దగ్గరకు రాగలరు. అది నేనే ఒకసారి.

ముల్లు_విరిగింది | ఆదివారం, సాయంత్రం 6:10

ఆ ప్లేటు అయితే నేనూ కొంటా. పార్సిల్ మాత్రం వద్దు, వచ్చి తీసుకుంటా.

బెల్‌వ్యూ_సుధ | మరుసటి శనివారం, రాత్రి 9:25

వారం ఆలస్యమైంది, క్షమించాలి. బాబాయ్ గారు చెప్పినట్టే చేశాను. రెండో పాటలో అడ్డుపడింది నిజంగానే మురికి, నువ్వు గింజంత. వెదురు పుల్లకి వచ్చేసింది. ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా ఆడుతోంది. మావాడు దానికి ‘ఫ్రిజ్ పాట’ అని పేరు పెట్టి రోజూ పెట్టమంటున్నాడు.

ఫోన్‌లోకి ఎక్కించుకుని, ఆ పెద్దావిడ ఊరు వదిలేలోపు వినిపిద్దామని నిన్న వెళ్లాను. పులిహోర తీసుకెళ్లా. పెట్టెల మధ్యలో రెండు మడత కుర్చీలు మిగిలాయి, వాటిలో కూర్చున్నాం.

ఆవిడకి అప్పుడు పదకొండేళ్లట. తల్లిదండ్రులు, తమ్ముడు, తను. టిక్కులు తనవే. తిరిగొచ్చాక ఏ పాట ఏ చోటుదో చూసి, తను వెళ్లిన చోట్లకి టిక్ పెట్టుకుంది. ‘గేవే’ అంటే జెయింట్ వీల్ లాంటివి ఉండే చోటు, టిక్. సైన్స్ పెవిలియన్ టిక్. మోనోరైల్‌కి రెండు ఎందుకంటే, తమ్ముడు టోపీ సీట్లో మర్చిపోయాడు. మళ్లీ టికెట్ కొని అదే బండెక్కి వెతుక్కున్నారు. టోపీ దొరకలేదు, ఇప్పటికీ ఫోన్‌లో దెప్పుతుందట.

మొదటి పాట ‘వెల్‌కమ్ టు టుమారో’. అదే బబులేటర్. దానికి టిక్ లేదు. క్యూ చాలా పెద్దగా ఉంది, వాళ్ల నాన్న ఇక చాలు పదమన్నాడు. ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి ఈ ప్లేటు కొనిచ్చాడు. బయట నుంచి చూసింది, అంతే. లోపల ఎలా ఉండేదో తనకి తెలిసింది ఈ పాటలోనే. ఆ శీతాకాలమంతా గదిలో లైటు తీసేసి, తమ్ముణ్ణి పక్కన నిలబెట్టి ఇది పెట్టేదట. లిఫ్టు మనిషి అనేవాడని స్కూల్లో ఎవరో చెబితే తనే గొంతు మార్చి అనేదట: గోళంలో వెనక్కి జరగండి, వెనక్కి జరగండి అని.

నిన్న పాట మొదలవగానే కుర్చీ వెనక్కి జరిపింది.

గ్రామఫోన్_బాబాయ్ | శనివారం, రాత్రి 9:50

ప్లేటు తిరిగి ఇస్తానన్నావా అమ్మా?

బెల్‌వ్యూ_సుధ | శనివారం, రాత్రి 9:58

అన్నాను బాబాయ్ గారూ. వెళ్లే చోట ప్లేయర్ పెట్టుకునే జాగా లేదంది, మావాడికే ఉంచమంది. పాట ఫోన్‌లో పంపించాను.

ముల్లు_విరిగింది | శనివారం, రాత్రి 10:04

సుధ గారూ, మొదటి దానికి ఇప్పుడైనా టిక్ పెట్టిందా ఆవిడ?

బెల్‌వ్యూ_సుధ | శనివారం, రాత్రి 10:07

పెన్సిల్ ఇచ్చాను. వద్దంది. “ఎక్కలేదు కదా” అంది.